రెండు చివర్లా వినాలి: దేశాల మధ్య విడివిడిగా బతికే కుటుంబాలపై ఉమ్మడి పరిశోధన ఎలా చెయ్యాలి

ఐక్యరాజ్యసమితి 2024 అంచనా ప్రకారం పుట్టిన దేశంలో కాకుండా మరో దేశంలో ఉంటున్నవాళ్లు ప్రపంచంలో 30 కోట్ల 40 లక్షల మంది. అది మనుషుల లెక్క. ఆ లెక్కలో కుటుంబం కనపడదు. వెళ్లినవాళ్లను వెళ్లిన దేశం లెక్కపెడుతుంది, ఉండిపోయినవాళ్లను ఉన్న దేశం లెక్కపెడుతుంది. రోజూ వీడియో కాల్‌లో ముఖాలు చూసుకునే తల్లీకూతుళ్లు ఆ రెండు పట్టికల్లో ఒకరికొకరు ఏమీ కానివాళ్లలా ఉండిపోతారు.

నేను పదహారేళ్లుగా ఈ కుటుంబాల మీదే పనిచేస్తున్నాను. ఇళ్లకు వెళ్లి ప్రశ్నలడిగే ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా మొదలుపెట్టి, పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు మూడు దేశాల్లో ఉన్న ఒక చిన్న బృందాన్ని నడుపుతున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "మేడమ్, విదేశీ యూనివర్సిటీతో కలిసి చెయ్యాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే నాకు తెలిసిన పద్ధతి ఒకచోట రాసిపెడితే ఉపయోగమని ఇది రాస్తున్నాను. నేను పట్టుకున్న విషయం కూడా ఒకటే. కుటుంబం రెండు చోట్ల ఉన్నప్పుడు దాన్ని చదివేవాళ్లు కూడా రెండు చోట్లా ఉండాలి. మొదటి ప్రశ్న రాసే రోజు నుంచే ఉండాలి.

గ్రాంటు కంటే ముందు ప్రశ్న

చాలా ప్రాజెక్టులు ఎలా మొదలవుతాయో చెబుతాను. గ్రాంటు ప్రకటన వస్తుంది. "కనీసం మూడు దేశాల భాగస్వాములు ఉండాలి" అని అందులో ఉంటుంది. గడువు ఇంకో నెల ఉందనగా ఎవరో ఒకరు తెలిసినవాళ్లకు మెయిల్ పెడతారు. వాళ్లు సరే అంటారు. అప్పటికే రాసేసిన ప్రపోజల్ కింద వాళ్ల పేరు చేరుతుంది. డబ్బు వచ్చాక చూసుకుంటే ప్రశ్నలన్నీ ఒక చివర కూర్చున్నవాళ్లవి. రెండో చివర వాళ్లకు మిగిలింది ఫారాలు నింపించడం.

దీనివల్ల పోయేది గౌరవం ఒక్కటే కాదు, విషయమే పోతుంది. వలస వెళ్లినవాళ్లు ఉంటున్న దేశంలో రాసిన ప్రశ్నలకు "ఇక్కడివాళ్లతో కలిశారా లేదా" అన్నదే ధ్యాస. ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్ల దేశంలో రాసిన ప్రశ్నలకు "ఎంత పంపుతున్నారు" అన్నదే ధ్యాస. రెండూ కావాలి. కానీ ఆ కుటుంబం రాత్రుళ్లు నిద్రపట్టక ఆలోచించే ప్రశ్న ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. నాన్నకు ఉన్నట్టుండి ఒంట్లో బాగోకపోతే ఎవరు రాగలరు, సెలవు ఎవరికి దొరుకుతుంది, ఎవరి వీసా మళ్లీ తిరిగి వెళ్లనిస్తుంది?

ఈ రంగం తొలినాళ్ల నుంచీ ఈ చిక్కు ఉంది. విలియం థామస్ షికాగోలో ప్రొఫెసర్. ఫ్లోరియన్ జ్నానియెత్స్కీ వార్సాలో, దేశం వదిలి వెళ్లేవాళ్లకు అండగా ఉండే సంస్థలో పనిచేసినవాడు. 1914లో ఆయన షికాగో చేరాక ఇద్దరూ కలిసి పోలండ్ రైతు కుటుంబాల మీద 1918 నుంచి 1920 దాకా అయిదు సంపుటాలు తెచ్చారు. అందులో పెద్ద భాగం ఇంటివాళ్ల ఉత్తరాలే. పత్రికలో ప్రకటన ఇచ్చి, డబ్బిచ్చి మరీ సేకరించారు. సేకరించింది అమెరికాలో కాబట్టి దొరికినవి ఎక్కువగా పోలండ్ నుంచి వచ్చిన ఉత్తరాలు. అటు వెళ్లిన జవాబులు చాలావరకు లేవు. ఆ పని అంటే నాకు ఎంతో గౌరవం. అయినా చదివినప్పుడల్లా ఫోన్‌లో ఒక్కవైపు మాటలే వినిపిస్తున్నట్టు ఉంటుంది. రెండు దేశాల మనుషులు జతకట్టినా, సమాచారం ఒక చివరే పోగుచేస్తే వచ్చే లోటు అది.

అందుకని గ్రాంటు సంగతి తలపెట్టకముందే ఒక పని చెయ్యండి. మీరు పది ప్రశ్నలు రాయండి, అవతలివాళ్లను పది రాయమనండి. ఒకరివి ఒకరు చూడకుండా రాయాలి. తర్వాత పక్కపక్కన పెట్టి చూసుకోండి. మేం ముగ్గురం ఇలా రాసిన ముప్ఫైలో మూడు జాబితాల్లోనూ ఉన్నవి నాలుగంటే నాలుగే. మిగతావి ఎందుకు వేరయ్యాయో మాట్లాడుకోవడానికి మాకు రెండు నెలలు పట్టింది. మా ప్రాజెక్టు అసలు పుట్టింది ఆ రెండు నెలల్లోనే.

ఎవరిని కలుపుకోవాలి

పేరున్న యూనివర్సిటీ కోసం వెతక్కండి. ఆ కుటుంబాల మధ్యకు ఇప్పటికే వెళ్తున్నవాళ్ల కోసం వెతకండి. మొదటి మెయిల్‌లో మీ సీవీ కంటే ఒక పేజీ నోట్ ఎక్కువ పనిచేస్తుంది: మీరు చూసింది ఏమిటి, మీకు అర్థం కానిది ఏమిటి, మీ వైపు నుంచి కనపడనిది ఏమిటి. చివర్లో "మీ వైపు నుంచి చూస్తే ఇది ఎలా కనిపిస్తోంది?" అని అడగండి. జవాబులో వాళ్లు మీ ప్రశ్నను కాస్తయినా మారిస్తే మంచి గుర్తు. "చాలా బాగుంది, బడ్జెట్ ఎంత?" అని వస్తే ఇంకొకరిని చూసుకోవడమే మేలు.

సరే అనుకున్నాక వెంటనే ఒప్పందం రాసుకోకండి. ఇద్దరూ చెరో రెండు ఇంటర్వ్యూలు చేసి, పేర్లు తీసేసి, మాటకు మాట రాసిన ట్రాన్స్‌క్రిప్ట్‌లు మార్చుకోండి. ఎదుటి మనిషి ఎంత ఓపిగ్గా వింటారో, కుటుంబం ఏడ్చినప్పుడు రికార్డర్ ఆపుతారో లేదో నాలుగు ట్రాన్స్‌క్రిప్ట్‌ల్లో తెలిసిపోతుంది. నాలుగేళ్లు కలిసి పనిచెయ్యాల్సిన మనిషి గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పే కాగితం నాకు కనపడలేదు.

ఏ పద్ధతిలో చెయ్యాలో కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. ముందు చేసినవాళ్ల దారులు మూడు చెబుతాను. 1982 నుంచి నడుస్తున్న మెక్సికన్ మైగ్రేషన్ ప్రాజెక్టును పరిశోధకులు డగ్లస్ మాసీ, హోర్హే దురాన్ మొదలుపెట్టారు. వాళ్లు వలస వెళ్లినవాళ్లు సెలవులకు ఇళ్లకు వచ్చే చలికాలంలో ఊళ్లలో సర్వే చేసి, ఆ తర్వాత అదే ఊళ్ల నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడినవాళ్లను వెతికి పట్టుకున్నారు. ఫ్రాన్స్ జనాభా పరిశోధన సంస్థ ఇనెడ్ నడిపిన మాఫే ప్రాజెక్టులో సెనెగల్, ఘనా, డీఆర్ కాంగోల్లోనూ, ఆరు యూరప్ దేశాల్లోనూ పోల్చదగిన ప్రశ్నావళులు వాడారు. మూడోది పరిశోధకురాలు వాలెంటీనా మజుకాటో పద్ధతి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్న ఘనా మనుషులనూ, ఘనాలో ఉన్న వాళ్లవాళ్లనూ జతలుగా తీసుకుని, రెండు చోట్లా ఒకే కాలంలో పరిశోధకులు పనిచేశారు. మీ ప్రశ్న "ఎంతమంది, ఎప్పుడు, ఎందుకు వెళ్లారు" అయితే మొదటి రెండూ సరిపోతాయి. "ఈ ఇంట్లో ఈ ఇద్దరి మధ్య ఏం నడుస్తోంది" అయితే మూడోదే దారి. ఖర్చు, శ్రమ, టెన్షన్ అన్నీ అందులోనే ఎక్కువ. మేం ఎంచుకున్నది అదే.

పేరు, డబ్బు, డేటా: ముందే రాసుకోవాల్సినవి

నా తొలి ఉద్యోగంలో ఒక విదేశీ ప్రాజెక్టుకు అరవై ఒక్క ఇంటర్వ్యూలు చేశాను. ఎండలో తిరిగి, రాత్రుళ్లు కూర్చుని రాసి పంపాను. మూడేళ్ల తర్వాత వచ్చిన పేపర్‌లో నా మాటలు మూడుచోట్ల కనిపించాయి, కృతజ్ఞతల్లో మాత్రం "స్థానిక సహాయకులకు ధన్యవాదాలు" అని ఒక్క వాక్యం ఉంది. పేరు లేదు. ఆ పేపర్ ప్రింటవుట్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందుకే ఈ విషయంలో నేను మొహమాటపడను, మీరూ పడకండి.

ప్రాజెక్టు మొదలవకముందే రాసుకోండి: ఏ పేపర్ ఎవరు మొదలుపెడతారు, ఫస్ట్ ఆథర్ (రచయితల్లో మొదటి పేరు) ఎవరు, ఫీల్డ్‌లో తిరిగినవాళ్లకు రచయితలుగా వచ్చే అవకాశం ఎలా ఇస్తారు. చాలా జర్నళ్లు వాడే క్రెడిట్ విధానంలో 14 రకాల పాత్రలున్నాయి. ఆలోచన ఎవరిది, డేటా ఎవరు సేకరించారు, విశ్లేషణ ఎవరు చేశారు, రాసింది ఎవరు, అలా. ప్రతి ఆరు నెలలకూ ఆ 14 వరుసల పట్టిక తెరిచి అందరూ కలిసి నింపండి. చివర్లో ఒకేసారి నింపితే గట్టిగా మాట్లాడేవాళ్ల పేర్లే మిగులుతాయి.

డబ్బు గురించి ఒక్కమాట. పెద్ద సంస్థలు "ముందు ఖర్చు పెట్టండి, బిల్లులు పంపితే తర్వాత ఇస్తాం" అంటాయి. చిన్న సంస్థ దగ్గర ముందు పెట్టడానికి డబ్బుండదు. ఇన్వెస్టిగేటర్ల జీతం ఆగుతుంది. అడ్వాన్స్ ఎంత, ఎప్పుడు అన్నది ఒప్పందంలో రాయించుకోండి. ట్రాన్స్‌క్రిప్షన్‌కూ అనువాదానికీ మీరు అనుకున్న దానికి రెట్టింపు పెట్టుకోండి.

డేటా రెండు చోట్లా ఉండాలి, రెండు బృందాలకూ సమాన హక్కు ఉండాలి. ఒక చివర నుంచి ముడిసరుకులా వెళ్లిపోయి, మళ్లీ చూడాలంటే అర్జీ పెట్టుకోవాల్సిన పరిస్థితి రాకూడదు. 2018లో వచ్చిన ఒక అంతర్జాతీయ ప్రవర్తనా నియమావళి ఇలాంటి వాటి గురించే మాట్లాడుతుంది: పేద ప్రాంతాల్లో చేసే పరిశోధనలో న్యాయం, గౌరవం, శ్రద్ధ, నిజాయితీ ఎలా ఉండాలో చెబుతుంది. ఒప్పందం రాసేటప్పుడు పక్కన పెట్టుకుంటే, అడగడానికి ఇబ్బందిపడే విషయాలు అందులోంచి చూపించి అడగొచ్చు.

అనుమతులు

ఒక దేశంలో ఎథిక్స్ కమిటీ (పరిశోధన వల్ల మనుషులకు హాని జరగకుండా చూసే కమిటీ) సరే అంటే రెండో దేశంలో చెల్లదు. రెండు చోట్లా దరఖాస్తు ఒకేసారి పెట్టండి. ఎందుకంటే ఒక కమిటీ చెప్పిన మార్పు రెండో కమిటీకి మళ్లీ చూపించాలి. మాకు ఇలా అటూ ఇటూ తిరిగి అనుమతులు పూర్తయ్యేసరికి ఏడు నెలలయింది. యూరప్ సంస్థ ఉంటే 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ (యూరప్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం) వర్తిస్తుంది. పేరు తీసేసి నంబరు పెట్టాం కదా అనుకుంటారు. ఆ నంబరుకూ పేరుకూ లంకె మన దగ్గర ఉన్నంతకాలం అది వ్యక్తిగత డేటానే. దాన్ని యూరప్ దాటించాలంటే చాలా దేశాల విషయంలో తగిన ఒప్పంద నిబంధనల లాంటి ఏర్పాటు కావాలి. కొన్ని దేశాల్లో విడిగా ఇంకో మెట్టు ఉంటుంది. ఉదాహరణకు ఆరోగ్యానికి సంబంధించిన పరిశోధనలో విదేశీ భాగస్వామి ఉంటే భారత్‌లో ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా తీసుకోవాలి.

సమ్మతి పత్రం మీద సంతకం అడిగే ముందు ఆలోచించండి. సరైన కాగితాలు లేకుండా ఉంటున్న మనిషికి సంతకం అంటేనే భయం. ఇలాంటి చోట మాటతో ఇచ్చే సమ్మతికి కమిటీని ఒప్పించండి. వీసా స్థితి మీ ప్రశ్నకు అవసరం లేకపోతే అడగకండి. మనం రాసుకోని విషయం మన దగ్గర నుంచి బయటకు పోదు.

"మీ ఇంట్లో ఎంతమంది?"

ఈ ఒక్క ప్రశ్న దగ్గర మాకు నాలుగు నెలలు పట్టింది. ప్రతి సర్వేలోనూ మొదట ఉండేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందుగా చిన్నగా చేసి చూసిన పైలట్‌లో ఒక జతను తీసుకున్నాం. తల్లి ఒక దేశంలో, కొడుకు ఇంకో దేశంలో. తల్లిని అడిగిన అమ్మాయి నోట్స్‌లో ఇలా ఉంది:

"మీ ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా?"

"అయిదుగురం తల్లీ."

"అంటే ఇప్పుడు ఇక్కడ ఉంటున్నవాళ్లు..."

"ఇక్కడ నేనూ మా ఆయనా. పెద్దాడు, కోడలు, మనవడు అక్కడున్నారు. దూరాన ఉంటే మాత్రం లెక్కలోంచి తీసేస్తామా?"

అదే వారం కొడుకుని అవతలి బృందం అదే ప్రశ్న అడిగింది. "ముగ్గురం" అన్నాడు. తర్వాత కాసేపటికి డబ్బు గురించి అడుగుతుంటే, "మేం అయిదుగురం కదా, నా జీతం అయిదుగురికి" అన్నాడు. ఒకే మనిషి, ఒకే గంటలో, ఒకసారి మూడు, ఇంకోసారి అయిదు. రెండూ నిజమే. మొదటిది ఒకే కప్పు కింద పడుకునేవాళ్ల లెక్క, రెండోది ఒకే జీతం మీద బతికేవాళ్ల లెక్క.

ఐక్యరాజ్యసమితి జనగణన సిఫారసులు మనిషిని గత 12 నెలల్లో ఎక్కువకాలం ఎక్కడున్నాడు అన్నదాన్ని బట్టి ఒకచోట లెక్కేస్తాయి. జనాభా లెక్కకు అది కావాలి, మనిషిని రెండుసార్లు లెక్కపెట్టకూడదు కదా. కానీ మన పనికి అదే కొలత వాడితే ఆ తల్లి చెప్పిన అయిదు "తప్పు జవాబు" అవుతుంది. ఇన్వెస్టిగేటర్ దాన్ని రెండుగా దిద్దుతుంది. మనం చదవడానికి వచ్చిన కుటుంబం ఫారం మొదటి గడిలోనే చెరిగిపోతుంది.

మేం చివరికి ఆ ప్రశ్నను మూడు ముక్కలు చేశాం. నిన్న రాత్రి ఈ ఇంట్లో ఎవరెవరు పడుకున్నారు? ఎవరెవరి ఖర్చు ఎవరెవరి సంపాదన మీద నడుస్తుంది? రేపు పెద్ద నిర్ణయం తీసుకోవాలంటే ఎవరెవరిని అడక్కుండా తీసుకోరు? ప్రతిదానికీ సంఖ్య కాదు, పేర్లు రాసుకున్నాం. రెండు చివర్లా వచ్చిన మూడేసి జాబితాలను తర్వాత ఎదురెదురుగా పెట్టాం. తల్లి జాబితాలో ఉన్న పేరు కొడుకు జాబితాలో లేకపోవడం, అల్లుడు ఒకవైపు మాత్రమే కనిపించడం, చనిపోయిన తాతయ్య పేరు నిర్ణయాల జాబితాలో రావడం. మాకు అసలు తెలియాల్సినవి అక్కడే తెలిశాయి.

అనువాదం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఒకరు అనువదించి, ఇంకొకరు తిరిగి అనువదించి, రెండూ కలిస్తే సరిపోయిందనుకునే అలవాటు ఉంది. "హౌస్‌హోల్డ్" (ఒకే ఇంట్లో కలిసి ఉండేవాళ్లు) అన్న మాటను "కుటుంబం" అని రాసి, దాన్ని మళ్లీ ఇంగ్లిష్‌లోకి తెస్తే ఎవరో ఒకరు హౌస్‌హోల్డ్ అనే రాస్తారు. కాగితం మీద కలుస్తుంది, మనిషి దగ్గర కలవదు. యూరోపియన్ సోషల్ సర్వే లాంటివి ఇద్దరు విడివిడిగా అనువదించి, కూర్చుని చర్చించి, ఒకరు తీర్పు చెప్పి, జనం మీద పరీక్షించి, ప్రతి నిర్ణయాన్నీ రాసిపెట్టే పద్ధతి వాడతాయి. ఖరీదైనదే, కానీ మొత్తం ప్రశ్నావళికి కాకపోయినా ఇల్లు, కుటుంబం, పంపడం, చూసుకోవడం, రావడం, తిరిగి వెళ్లడం అన్న ఆరు మాటలకైనా అలా చెయ్యండి. "వస్తాడు" అంటే సెలవుకు రావడమా, ఇక ఉండిపోవడానికా? తల్లి ఒకటి అనుకుంటుంది, కొడుకు ఇంకోటి అనుకుంటాడు. ఏళ్ల తరబడి ఆ మాటను ఇద్దరూ విడమరచి అడుక్కోకుండా వాడుకుంటారు.

ఒకరి మాట ఇంకొకరికి చేరకూడదు

ఇది మేం చేసిన తప్పు. రాయడానికి ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది, కానీ ఇంకెవరూ చెయ్యకూడదని రాస్తున్నాను.

ఒక అబ్బాయి ఏడు నెలలుగా ఉద్యోగం లేక, అప్పు చేసి ఇంటికి డబ్బు పంపుతున్నాడు. ఇంట్లో తెలియదు. అవతలి చివర ఇంటర్వ్యూలో మా సహోద్యోగికి చెప్పుకున్నాడు. ఆ సారాంశం అందరం చూసే ఉమ్మడి ఫోల్డర్‌లో పడింది. ఇవతలి చివర వాళ్ల అమ్మ దగ్గరికి వెళ్లే ముందు మా ఇన్వెస్టిగేటర్ దాన్ని చదువుకుని వెళ్లింది. ఆమె రహస్యం బయటపెట్టలేదు. "ఈ మధ్య డబ్బు పంపడంలో ఏమైనా ఇబ్బంది ఉందా?" అని మాత్రమే అడిగింది. ఆ అమ్మకు అది చాలు. ఆ రాత్రే ఫోన్ చేసి కొడుకుని నిలదీసింది. మర్నాడు ఆ అబ్బాయి మా సహోద్యోగికి ఫోన్ చేశాడు. "నేను మీకు చెప్పింది మా అమ్మకు తెలియడానికి కాదు" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

ఇద్దరి ఇంటర్వ్యూలూ తొలగించాం. నేను స్వయంగా ఇద్దరికీ క్షమాపణ చెప్పాను. ఎథిక్స్ కమిటీలకు రాసి ఇచ్చాం. ఆ తర్వాత పద్ధతి మార్చాం. ఒక కుటుంబంలో రెండు చివరల ఇంటర్వ్యూలు పూర్తయ్యేదాకా ఏ ఇన్వెస్టిగేటరూ అవతలి చివర ట్రాన్స్‌క్రిప్ట్ చూడరు. రెండూ చూడగలిగేది ఒక్క మనిషే, ఆ మనిషి ఫీల్డ్‌కు వెళ్లరు. ప్రశ్నలు ముందే ఖాయం చేసుకుంటాం. ఒక చివర విన్నదాన్ని బట్టి రెండో చివర కొత్త ప్రశ్న చేర్చం.

రహస్యం ఒక వైపే ఉంటుందనుకోకండి. ఇవతలివాళ్లు జబ్బులు దాస్తారు. ఆపరేషన్ అయిపోయాక చెబుతారు. ఇద్దరూ ప్రేమతోనే దాస్తారు, ఆ దాపరికం మీదే ఆ ఇంటి ప్రశాంతత నిలబడి ఉంటుంది. మనకు రెండు వైపులా తెలుస్తుంది. అంత భారం మోస్తున్నామని ఇన్వెస్టిగేటర్లకు మొదటి రోజే చెప్పండి, వాళ్లు మాట్లాడుకోవడానికి వారానికి ఒక గంట కేటాయించండి.

చేరవేతలు కూడా వద్దు. "మీరు అక్కడికి వెళ్తారు కదా, కాస్త ఈ మాట చెప్పండి, ఈ పొట్లం ఇవ్వండి" అని తప్పకుండా అడుగుతారు. కాదనడం చాలా కష్టం. ఏం చెప్పాలో ముందే నేర్పండి: "అమ్మా, నేను అక్కడి విషయం ఇక్కడ, ఇక్కడి విషయం అక్కడ చెప్పనని మాటిచ్చాను. ఇది ఇస్తే ఆ మాట తప్పినట్టవుతుంది." ఇలా చెబితే నొచ్చుకున్నవాళ్లు తక్కువ. చాలామంది ఆ తర్వాతే మనసు విప్పారు.

పేపర్ రాసేటప్పుడు ఇదే జాగ్రత్త ఇంకోలా వస్తుంది. పేరు మార్చినా ఇంటివాళ్లు ఇంటివాళ్లను గుర్తుపడతారు. "ఇద్దరు పిల్లలున్న నర్సు, తండ్రికి పక్షవాతం" అని రాస్తే ప్రపంచానికి తెలియకపోవచ్చు, ఆమె చెల్లెలికి తెలుస్తుంది. అందుకే ఒకే కుటుంబంలోని రెండు చివరల మాటలను ఒకే పేజీలో పక్కపక్కన పెట్టం. మనకు అద్భుతంగా అనిపించే పోలిక సరిగ్గా అక్కడే ఉంటుంది, అయినా వదులుకోవాలి.

పిల్లలతో ఇంకా జాగ్రత్త. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, థాయ్‌లాండ్, వియత్నాంలలో తల్లిదండ్రుల వలస పిల్లల మీద ఎలా పనిచేస్తుందో చూడడానికి 2008లో జరిగిన చాంప్‌సీ అధ్యయనంలో 9 నుంచి 11 ఏళ్ల పిల్లలను నేరుగా ప్రశ్నించారు, 3 నుంచి 5 ఏళ్లవాళ్ల గురించి పెద్దవాళ్లను అడిగారు. పిల్లలు చెప్పేది పెద్దవాళ్లు చెప్పే దానికి నకలు కాదు కాబట్టి వాళ్లను అడగాలి. కానీ "అమ్మ లేనందుకు బాధగా ఉందా?" అని మాత్రం అడక్కూడదు. "స్కూల్లో బాగా మార్కులొస్తే మొదట ఎవరికి చెప్తావు?" అని అడగండి.

రెండు గడియారాలు

ఒక ఇంటర్వ్యూ నోట్స్‌లో మా ఇన్వెస్టిగేటర్ చివర్న ఇలా రాసింది: "గోడకు రెండు గడియారాలున్నాయి. ఒకటి నాలుగున్నర గంటలు వెనక. ఆగిపోయిందేమో అనుకుని చెప్పాను. 'అది అమ్మాయి టైము' అన్నాడు పెద్దాయన." ప్రశ్నావళిలో దానికి గడి లేదు. అది మార్జిన్‌లో ఉంది.

నెలవారీ మీటింగ్‌లో ఆ అమ్మాయే అడిగింది, "వాళ్లు మాట్లాడుకోవడానికి నిద్ర ఎవరు మానుకుంటున్నారో మనం అడగట్లేదు కదా" అని. ప్రొఫెసర్లం ముగ్గురమూ "వారానికి ఎన్నిసార్లు మాట్లాడతారు" అని అడిగి ఊరుకున్నాం. ఆమె ప్రశ్న చేర్చాక కొత్త విషయం కనిపించింది. కొన్ని ఇళ్లలో రెండువైపులా ఒక్క ఆడమనిషే, అక్కడ కూతురో ఇక్కడ కోడలో, తన నిద్రను కాల్ టైముకు సర్దుకుంటోంది. మిగతావాళ్లు మెలకువగా ఉన్నప్పుడే మాట్లాడుతున్నారు. ఆ పేపర్‌కు ఆ అమ్మాయే ఫస్ట్ ఆథర్.

కాబట్టి ఫారంలో ప్రతి పేజీకీ ఖాళీ మార్జిన్ వదలండి. ఇన్వెస్టిగేటర్లను విశ్లేషణ మీటింగులకు పిలవండి. వాళ్ల భాషలోనే మాట్లాడనివ్వండి, అనువాదానికి ఒకరిని పెట్టండి. ఇంగ్లిష్ ధాటిగా రానంతమాత్రాన ఆ గడియారాన్ని చూసిన మనిషి మూగగా కూర్చోకూడదు.

మీటింగుల సంగతి త్వరగా ముగిస్తాను. అర్ధరాత్రి మేలుకోవడం ఎప్పుడూ ఒక దేశంవాళ్ల వంతే కాకుండా టైము నెలనెలా మార్చుకోండి. అమెరికాలో గడియారాలు మార్చి నెల రెండో ఆదివారం, యూరప్‌లో అదే నెల ఆఖరి ఆదివారం మారతాయి. ఆ మధ్య వారాల్లో ఎవరో ఒకరు గంట తేడాతో వస్తారు, ముందే రాసిపెట్టుకోండి. ఏం నిర్ణయించామో అరపేజీ నోట్ అదే రోజు అందరికీ వెళ్లాలి.

తిరిగి ఇచ్చేయడం, చెరిపేయడం

కోడింగ్, అంటే ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఏ మాట దేన్ని చెబుతోందో గుర్తులు పెట్టడం, ఒక చివర జరిగి, రెండో చివరకు ఫలితాలు మాత్రమే చేరితే ఇంతదాకా చేసిందంతా వృథా. మేం ప్రతి ట్రాన్స్‌క్రిప్ట్‌నూ రెండు దేశాలవాళ్లం చెరొకరం విడిగా చదివి కోడ్ చేశాం, రెండు చివర్లా ఇంటర్వ్యూలు పూర్తయ్యాకే. ఒక తల్లి "వాడు బాగానే ఉన్నాడు" అని పదకొండుసార్లు అన్నది. అవతలి సహోద్యోగి దాన్ని "తృప్తి" అని కోడ్ చేశాడు, నేను "దిగులు" అని చేశాను. రికార్డింగ్ కలిసి విన్నాం. ఆమె గొంతు ప్రతిసారీ కాస్త తగ్గుతూ వస్తోంది. కోడ్ మార్చాం.

ఫలితాలు కుటుంబాలకు చెప్పే రోజు రెండు చివర్లా ఒకే రోజు పెట్టుకోండి, ఒకే పేజీ, రెండు భాషల్లో. ఒకవైపు ముందు తెలిస్తే రెండోవైపుకు మన మాట కాదు, విన్నవాళ్ల మాట చేరుతుంది. ఆ పేజీలో ఏ ఒక్క ఇంటికీ సరిగ్గా తగిలే ఉదాహరణ ఉండకూడదు.

ఆఖరి పని లంకె ఫైలుది. ఏ నంబరు ఎవరిదో, ఏ తల్లికి ఏ కొడుకో ఉండే ఒకే ఒక్క ఫైలు అది. మేం దాని పాస్‌వర్డ్‌ను రెండు ముక్కలు చేశాం, సగం ఒక దేశంలో, సగం ఇంకో దేశంలో. ఒకరే తెరవలేరు. ఎప్పుడు తొలగించాలో తేదీ సమ్మతి పత్రంలోనే రాశాం, ఆ తేదీ వచ్చింది. ఇద్దరం వీడియో కాల్‌లో కూర్చుని, చెరో సగం టైప్ చేసి తెరిచి, నలభై మూడు జతలనూ చివరిసారి వరుసగా చూశాం. తర్వాత తొలగించి, బ్యాకప్‌లోంచీ తీసేసి, రెండు కమిటీలకూ అదే సాయంత్రం మెయిల్ పెట్టాం.